సాక్షి పాత్ర: చెన్నకేశవులు

నరసింహులుకు కోర్టుల మీద నమ్మకం లేదు. గొంతు మీద ఉంది. ఘాజియాబాద్ పక్కనే ఉన్న సాహిబాబాద్‌లో పందొమ్మిదేళ్లుగా ఫిట్టరు పని చేస్తూ, నాలుగు ఫ్యాక్టరీల గేట్ల ముందు అరిచి అరిచి సంపాదించుకున్న నమ్మకం అది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. చదువంతా కరపత్రాల్లోనూ, ఆదివారం బజారులో తూకానికి అమ్మే పుస్తకాల్లోనూ అబ్బింది. నోరు తెరిస్తే సగం భయం పోతుంది, పదిమంది ముందు తెరిస్తే మిగతా సగం పోతుంది అని కనిపించినవాడికల్లా చెప్పేవాడు. కనకయ్య కేసులో చెన్నకేశవులు నోరు తెరిపించిందీ అతనే. అంతా అక్కడే చెడింది.

కనకయ్యది సిరిసిల్ల పక్క ఊరు, నరసింహులు పుట్టిన ఊరికి అయిదు మైళ్లు. ఘాజియాబాద్‌లో ఒక ప్రెస్ షాపులో కాంట్రాక్టు మీద పని చేసేవాడు. రేకుల్ని అచ్చులో పెట్టి నొక్కి స్కూటరు సామాన్లు తీసే ఫ్యాక్టరీ. రెండువేల ఆరు నవంబరులో ఒక సాయంత్రం, డ్యూటీ దిగే సైరన్ మోగాక, ఆ ప్రెస్సు కిందే తల నలిగి చచ్చిపోయాడు. కంపెనీ రాసిన కాగితం ఏమంటుందంటే, కనకయ్య ఆరింటికే పని ముగించి బయటికి పోయాడట, పోయినట్టు రిజిస్టరులో వేలిముద్ర ఉందట, ఆ తర్వాత ఇత్తడి ముక్కలు దొంగిలించడానికి వెనక దారిన లోపలికొచ్చి, చీకట్లో మిషను కింద పడ్డాడట. డ్యూటీలో లేనివాడి చావుకు కంపెనీకేం సంబంధం?

కనకయ్య భార్య గౌరి ఆ కాగితాన్ని నరసింహులు చేత మూడుసార్లు చదివించుకుంది. ఆమె బిడ్డ ఎనిమిదేళ్లది, సందులో పిల్లలతో ఆడుకోవడం మానేసింది. చోర్ కీ బేటీ, దొంగ కూతురు, అంటున్నారని తల్లికి చెప్పలేదు, పక్కింటామె చెప్పింది.

"నష్టపరిహారం ఇస్తె ఇయ్యనీ, లేకుంటె లేదు అన్నా," అంది గౌరి. "నా మొగడు దొంగ గాదని అసుంటి కాయితం మీదనే రాయించు. నా బిడ్డ దాన్ని సదువుకునేటట్టు."

రాయించాలంటే లేబర్ కోర్టులో కేసు వేయాలి, కేసు నిలవాలంటే సాక్షి కావాలి. సాక్షి ఉన్నాడు, ఒక్కడే. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన చెన్నకేశవులు. సైరన్ మోగినప్పుడు నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వేలిముద్ర వేసి గేటు దాకా పోయిన కనకయ్యను సూపర్‌వైజరు వెనక్కి పిలవడం చూశాడు. అచ్చులో రేకు ఇరుక్కుంది, తీసి పో అన్నాడు సూపర్‌వైజరు. కనకయ్య తల లోపల పెట్టాడు. మిషను ఆగి ఉందో లేదో చూద్దామని సూపర్‌వైజరు మీట నొక్కాడు. అంతే. చెన్నకేశవులు ఇదంతా నరసింహులుకు చెప్పడానికి రెండు టీలు, ఒక గంట పట్టింది. కాలరు చొక్కా వేసుకున్న మనిషి ఎదురైతే అతని నాలుక అంగిలికి అంటుకుపోతుంది. పోలీసులు అడిగినప్పుడు, వాళ్లు ఏమంటే దానికి హాఁ సాబ్ అన్నాడు తప్ప మరో మాట లేదు. ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలో చేరాడు, ఉద్యోగం పోతుందన్న భయం లేదు. ఉన్నదల్లా నోటి భయం.

దానికి మందు తన దగ్గరుందని నరసింహులు అనుకున్నాడు.

దక్షిణ ఢిల్లీలో మునిర్కా డీడీఏ ఫ్లాట్లలో మాణిక్యాంబ గారిల్లు. కాలేజీలో హిందీ పాఠాలు చెప్పి రిటైరైన రాజమండ్రి మనిషి. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆమె ముందుగదిలో తెలుగు నాటకం చదువుతారు. వేషాల్లేవు, తెరల్లేవు, కుర్చీల్లో కూర్చుని బిగ్గరగా చదవడమే. ఎనిమిదిమంది వస్తే ఎక్కువ. గుర్‌గావ్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే శివరామకృష్ణ వస్తాడు, కంఠం కంచు. కంటోన్మెంటు నుంచి హవల్దారు శ్రీరాములు వస్తాడు. ఘాజియాబాద్ నుంచి రెండు బస్సులు మారి నరసింహులు వస్తాడు. ఆరేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు. ఢిల్లీలో అతన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టే ఇల్లు అదొక్కటే.

వాళ్లకు కొన్ని పద్ధతులున్నాయి. ఎక్కడ ఆగాలో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుంటారు. చదవడం అయ్యాక, ఏ మాట తగిలింది, ఏది తగల్లేదు అని చర్చ పెడతారు. సభ్యులు రాసిన నాటకమైతే తగలని మాటల్ని అక్కడే మార్పిస్తారు. చివరి పేజీ వెనక ఎవరు ఏ పాత్ర చదివారో రాసి, తేదీ వేసి, అందరూ సంతకాలు చేస్తారు. ఇక్కడ ఇలాంటి పని ఒకటి జరిగిందని రేపు ఎవరికైనా తెలియాలి కదా అని మాణిక్యాంబ గారి ఆశ. ఆ కాగితాలు ఆమె బీరువాలో కట్టలుగా ఉన్నాయి. అడిగినవాడు ఇంతవరకూ లేడు.

నరసింహులు పది రోజులు కూర్చుని కనకయ్య చావును నాటకంగా రాశాడు. చెన్నకేశవులు చెప్పిందంతా సాక్షి పాత్రకు పెట్టాడు. జనవరి రెండో ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని మునిర్కా పోయాడు. కనకయ్య పాత్ర శివరామకృష్ణకు, సూపర్‌వైజరు శ్రీరాములుకు, సాక్షి పాత్ర సాక్షికే.

మొదటిరోజు చెన్నకేశవులు నోట మాట రాలేదు. మాణిక్యాంబ గారు లేచి అతని కుర్చీని గోడవైపు తిప్పారు.

"మమ్మల్ని చూడకు నాయనా. గోడకి చదువు. గోడ ఏమీ అనదు."

గోడకు చదివాడు. ఫిబ్రవరిలో కుర్చీ సగం తిరిగింది. మార్చికి మనుషుల వైపు తిరిగి, కాగితం చూడకుండా చెప్పాడు. పెన్సిలు గీత ఉన్నచోటల్లా ఆగి, శివరామకృష్ణ నేర్పినట్టు ఊపిరి తీసుకుని మరీ చెప్పాడు. నరసింహులు ఛాతీ ఇంత వెడల్పయింది. మనిషిని మనిషిగా నిలబెట్టడమంటే ఇదీ అని బస్సులో పక్కన కూర్చున్న బీహారీకి కూడా చెప్పాడు.

అయితే ఫిబ్రవరి చర్చలో ఒక మాట వచ్చింది. శివరామకృష్ణ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఎత్తాడు.

"అంతా బావుంది నరసింహులు గారూ. చావే తగల్లేదు. మిషను పడింది, మనిషి పోయాడు, అయిపోయింది. వినేవాడికి ఒక్క నిమిషమన్నా ఇవ్వొద్దటండీ?"

మాణిక్యాంబ గారికీ అదే లోటుగా తోచింది. పెళ్లాన్ని ఒక్కసారన్నా తలుచుకోకుండా పోతాడా అన్నారు. శ్రీరాములు తల ఊపాడు. తిరుగు బస్సులో నరసింహులు చెన్నకేశవులును అడిగాడు, కనకయ్య ఏమన్నా అరిచాడా అని.

"ఏమోన్నా. మిషన్ల మోతలో ఏం ఇనపడల్యా."

"ఇనపడలే అంటె, అరిసిండేమో గదరా. అరవలే అని నువ్వెట్ల జెప్తవ్?"

చెన్నకేశవులు అవునన్నా అన్నాడు. ఆ వారమే నరసింహులు కనకయ్యకు ఇంకో నిమిషం ప్రాణం పోశాడు. కనకయ్య 'గౌరీ' అని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపు సగంలో ఆగింది. సాక్షి మాటల్లోనూ ఆ పిలుపులు చేరాయి.

మార్చి ఆదివారానికి గౌరి కూడా వచ్చింది. వెనక చాప మీద కూర్చుంది. మొగుడు పోయిన ఈ నాలుగు నెలల్లో ఆమె ఏడవడం నరసింహులు చూడలేదు. శివరామకృష్ణ కంచు కంఠంతో ఆమె పేరు మూడుసార్లు పిలిచేసరికి, కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. అయిపోయాక చప్పట్లు కొట్టారు. శ్రీరాములు బాహాటంగా ముక్కు చీదుకున్నాడు. గౌరి లేచొచ్చి చెన్నకేశవులు ముందు నిలబడి, నిజంగానే మూడుసార్లు పిలిచాడా అని అడిగింది. అతను నరసింహులు వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు.

తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ ఆమె నరసింహులుతో ఒకే మాట అంది. "గీ ముచ్చట నాకు ముందే జెప్తె అయిపోవు గదన్నా."

అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె మొహంలో ఏదో కుదుటపడింది, దాన్ని చెడగొట్టడానికి చెయ్యి రాలేదు. అదొక కారణం. తను రాసిన మాట ఇంత గట్టిగా తగిలిందన్న పొగరు రెండో కారణం. నరసింహులు తర్వాత తన మనసులో మొదటిదాన్నే ముందు పెట్టుకునేవాడు గానీ, నిజానికి రెండోదే పెద్దది.

చివరి పేజీ వెనక అందరూ సంతకాలు చేశారు. చెన్నకేశవులుకు తెలుగులో పేరు రాయడం వచ్చు. 'సాక్షి పాత్ర' అన్న మాట ఎదురుగా నాలుక బయటపెట్టి జాగ్రత్తగా రాశాడు.

విచారణ హిందీలో కాబట్టి మాణిక్యాంబ గారు మొత్తం నాటకాన్ని పెన్సిలు గీతలతో సహా హిందీ చేసి, సాక్షి మాటలు చెన్నకేశవులు నోటికి పట్టేదాకా చెప్పించారు. మేడే వచ్చింది. ఆ హిందీ ప్రతిని నరసింహులు రెండువందలు జిరాక్స్ తీయించి కనకయ్య పనిచేసిన ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచాడు. చివరి పేజీ వెనకున్న సంతకాలు కూడా వేయించాడు. కాలేజీ మేడమ్, మిలిటరీ మనిషి, గుర్‌గావ్ సారు, వీళ్లంతా మన పక్కన నిలబడ్డారు, చూసుకోండి అని. చదివినవాళ్లు చదివారు, చాలామంది దానిలో పకోడీలు కట్టించుకున్నారు. ఒకటి మేనేజరు బల్ల మీదికీ చేరింది. నరసింహులు దాన్ని గెలుపనే అనుకున్నాడు. వాడికీ తగలాలి కదా!

జూలైలో పిలుపొచ్చింది. లేబర్ కోర్టు గదిలో ఫ్యాను తిరుగుతోంది, గాలి లేదు. చెన్నకేశవులు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నోరు తెరిచాడు. మాట తడబడలేదు. కాలరు చొక్కాల గది నిండా అతని గొంతు నిలబడింది. విచారణ జరిపే ఆఫీసరు రాసుకోవడం ఆపి చూశాడు. గౌరి బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. నరసింహులు పెదాలు చెన్నకేశవులు పెదాలతో పాటే కదులుతున్నాయి.

కంపెనీ వకీలు కుర్రవాడే, మెత్తటి మనిషి. కోపం లేదు, కేక లేదు. చాలా బాగా చెప్పారు, సూపర్‌వైజరు పిలిచిన దగ్గర్నుంచి ఇంకోసారి చెప్పండి అన్నాడు. చెన్నకేశవులు నోరు తెరిచి, మూసి, మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు. కాదు కాదు, మధ్యలోంచి అన్నాడు వకీలు. చెన్నకేశవులు మళ్లీ మొదటికే వచ్చాడు. అతనికి మధ్యలోంచి రాదు. వకీలు ఫైలులోంచి జిరాక్స్ కాగితాలు తీసి ఒక ప్రతి ఆఫీసరుకిచ్చి, తన ప్రతి మీద వేలు పెట్టుకున్నాడు. చెప్పండి, మొదటి నుంచే చెప్పండి అన్నాడు. చెన్నకేశవులు చెబుతున్నాడు, ఆఫీసరు వేలు కాగితం మీద వెంట నడుస్తోంది. ఎక్కడ గీత ఉందో అక్కడ చెన్నకేశవులు ఆగాడు, వేలూ ఆగింది.

"యే దస్తఖత్ ఆప్‌కే హైఁ?" అన్నాడు వకీలు, సంతకాల పేజీ తిప్పి చూపిస్తూ.

"హాఁ సాబ్."

"ఔర్ ఆప్‌కా పాత్ర?"

"సాక్షి," అన్నాడు చెన్నకేశవులు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కనకయ్య ఎన్నిసార్లు పిలిచాడని అడిగాడు వకీలు. మూడుసార్లు. మీ చెవులతో విన్నారా? విన్నాను. ప్రమాణం చేసి చెబుతున్నారు కదా? హాఁ సాబ్. అప్పుడు శవపరీక్ష చేసిన డాక్టరు కాగితం చదివాడు. తల నలిగి, ఉన్నపళంగా ప్రాణం పోయింది. పిలవడానికి నోరు లేదు, దవడ లేదు. ఇది గౌరి వినేలాగే చదివాడు. కావాలని కాదు, గది చిన్నది.

ఆర్డరు ఆగస్టులో వచ్చింది. సాక్షి చెప్పింది ముందుగా రాసి, నేర్పి, నెలల తరబడి వల్లె వేయించినదని, అందులో ఒక ముఖ్యమైన మాట అబద్ధమని తేలింది కాబట్టి మిగతాదాన్నీ నమ్మడానికి వీల్లేదని రాశారు. కనకయ్య పని వేళ దాటాక అనుమతి లేకుండా లోపలికి వచ్చాడన్న కంపెనీ మాటే ఖాయమయింది. కంపెనీ కాగితం మీద ఉన్న దొంగ ఇప్పుడు కోర్టు కాగితం మీదికి ఎక్కాడు.

మెట్ల మీద గౌరి ఆగింది.

"ఆయన పిల్వలేదా?"

"లేదు చెల్లె. అది నేను రాసిన."

"మిగిలింది?"

"మిగిలిందంత నిజం. కనకయ్య మీద ఒట్టు."

"నువ్వు రాసిందేదో, ఐనదేదో నాకెట్ల ఎర్కయితదన్నా?" అని ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని ముందు నడిచిపోయింది.

ఆ నెల రెండో ఆదివారం నరసింహులు మునిర్కా పోయాడు. పోట్లాడదామనే పోయాడు. మీకు ఒక్క నిమిషం కావలసి వచ్చింది, ఆ నిమిషం మా నెత్తిన పడింది అన్నాడు. మాణిక్యాంబ గారు ఏడుస్తూ కూర్చున్నారు. శ్రీరాములు రాలేదు. కాగితం మీద సంతకం ఎందుకు పెట్టావని వాళ్ల ఆఫీసులో సంజాయిషీ అడిగారట. శివరామకృష్ణ మాత్రం నదురు బెదురు లేకుండా విన్నాడు.

"మేం సలహా ఇచ్చామండీ. కలం పట్టింది మీరు. సాక్షిని నాటకంలో పెట్టమని మేం చెప్పలేదే? పైగా సంతకాలతో సహా గేటు దగ్గర పంచింది ఎవరు?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నరసింహులుకు ఎక్కువ మండింది. శివరామకృష్ణ గొంతు తగ్గించి, నిజం చెప్పాలంటే అసలు నాటకం ఇప్పుడు కదా తయారైంది, రెండో అంకం కోర్టు గదిలో పెట్టి రాయండి, అద్భుతంగా ఉంటుంది అన్నాడు. వెక్కిరింపు కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నరసింహులు టీ తాగకుండా లేచొచ్చాడు. ఆరేళ్లలో ఆ ఇంట్లో టీ వదిలేసి రావడం అదే మొదలు, మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

పైకోర్టుకు పోవడానికి అరవై రోజుల గడువు. ఒక వకీలు ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. సాక్షి చూసింది చూసినట్టు, తన మాటల్లో, నాటకంలోని వాక్యం ఒక్కటి కూడా లేకుండా కొత్తగా రాసిస్తేనే ఫైలు ముట్టుకుంటానన్నాడు. దానిక్కూడా పైవాళ్లు ఒప్పుకుంటారన్న భరోసా లేదన్నాడు. నలభై ఎనిమిదో రోజున, మంగళవారం పొద్దున, గౌరి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఆమె నరసింహులుతో మాట్లాడటం తగ్గించింది గానీ తలుపు మూయలేదు. అతను తెల్లకాగితం అట్ట మీద పెట్టుకుని పెన్ను పట్టుకున్నాడు.

"ఆరు కొట్టిన సైరన్ ఇంకా చెవుల్లోనే ఉంది," అని మొదలుపెట్టాడు చెన్నకేశవులు.

"అది నాటకం. నీ మాట జెప్పు."

"నేను నల్లా కాడ చేతులు కడుక్కుంటాండా..."

"అది గూడ నాటకంల ఉన్నదే."

"నేను నల్లా కాడ ఉన్నింది నిజమే కదన్నా?"

"నిజమే."

"మరి ఎట్ల చెప్పల్ల?"

నరసింహులు ఇంకోలా అడిగాడు. సూపర్‌వైజరు ఎటునుంచి వచ్చాడు, చొక్కా రంగేమిటి, కనకయ్య చేతిలో టిఫిను డబ్బా ఉందా. చెన్నకేశవులు కళ్లు మూసుకుని వెతికాడు. ఎంతసేపు వెతికాడో, బయట సందులో కూరగాయల బండి వచ్చి, బేరాలై, పోయింది.

"కనకయ్య మొగం గుర్తు చేసుకుందామంటే శివరామకృష్ణ సారు మొగం వస్తాదన్నా. కళ్లజోడుతో సహా. సూపర్‌వైజరు గొంతంటే హవల్దారు గొంతు ఇనపడ్తాంది. ముందు మాదిరి లేదు. ముందు నాకు చెప్పను రాకపోయేది గానీ కనపడేది. ఇప్పుడు చెప్పనీకి వస్తాంది, కనపడల్యా."

"జూసినవురా నువ్వు," అన్నాడు నరసింహులు. గొంతు పెరిగింది. "సూపర్‌వైజరు గేటు కాడికొచ్చి పిలిసిండు, కనకయ్య వెనుకకు తిరిగిండు, అచ్చుల రేకు..." అంటూనే ఆగిపోయాడు. మళ్లీ తానే అందిస్తున్నాడు. అట్ట మీద కాగితం అలాగే తెల్లగా ఉంది. దాన్ని పక్కన పెట్టేశాడు.

గౌరి పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, చెన్నకేశవులు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కోర్టు ఏమన్నదో అన్నది," అంది. "తమ్మీ, ఆయన పిలిసేది ఉన్నది సూడు, అది ఒకపారి జెప్పు."

చెన్నకేశవులు బిత్తరపోయి నరసింహులు వైపు చూశాడు. అది అబద్ధమని నీకు తెలుసు కదా చెల్లె అని నరసింహులు మెల్లగా అన్నాడు.

"ఎర్కనే. నిన్ను అడుగుతలేను. చెప్పనియ్యి."

చెన్నకేశవులు ఊపిరి తీసుకుని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పాడు. మొదటి పిలుపు, గీత, రెండో పిలుపు, గీత. మూడోది సగంలో ఆగాల్సిన చోట ఆగింది. గౌరి తల వంచుకుని విని, ఇంకోసారి అంది. అతను ఇంకోసారి చెప్పాడు. నరసింహులు లేచి గుమ్మం బయటికొచ్చి నిలబడ్డాడు. లోపల మూడోసారి కూడా మొదలైంది.

గడువు ముగిసిన రోజు ఆదివారం పడింది. వకీలు ఆ కాగితం కోసం సోమవారం దాకా చూశాడు. నరసింహులు ఆ సోమవారం మొదటి షిఫ్టు చేసి, మనిషి తక్కువయ్యాడంటే రెండోది కూడా చేశాడు.